గిల్టు వదిన

త్రిపురాసురుల పట్టణాలు మూడు. ఒకటి బంగారంతో, ఒకటి వెండితో, ఒకటి ఇనుముతో కట్టుకున్నారని పురాణం. శివుడు ఒక్క బాణంతో మూడింటినీ కాల్చేసి మా త్రిపురాంతకం కొండమీద వెలిశాడు. పని అయిపోయిందనుకున్నాడు పాపం. కొండ దిగి మా గిల్టు వదిన హాల్లోకి ఒకసారి తొంగిచూస్తే తెలిసేది, మూడూ మళ్లీ ఎలా లేచాయో.

ఇలాంటి వదిన ఊరికొకరుంటారు. పిల్లలు హైదరాబాదుకో బెంగుళూరుకో వెళ్లిపోతారు, మధ్యాహ్నాలు పొడుగవుతాయి, యూట్యూబు తెరుస్తారు. నెల తిరక్కుండానే వదిన మిక్స్‌డ్ మీడియా ఆర్టిస్టు. ఇంట్లో ఉన్నవన్నీ ఒకచోట చేర్చి ఫెవికాల్ పొయ్యడమేగా అంటాడు మా అన్న, వదిన వినకుండా.

మిగతా ఊళ్ల వదినలకు లేని భాగ్యం ఈవిడకుంది: మార్కాపురం పలక. ఒకప్పుడు ఎక్కడెక్కడి పిల్లలో అక్షరాలు దిద్దింది ఈ నల్లరాతి మీదే. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది. అంచు విరిగినవీ, చట్రం ఊడినవీ వదిన గోతాంలో వేయించుకొస్తుంది. ఆ నలుపు మీద బంగారు రంగు తేలినట్టు ఇంక దేనిమీదా తేలదు. ఇది నేనూ ఒప్పుకుంటాను.

పలక మీద స్టెన్సిల్ పరిచి, కదలకుండా టేపు అంటిస్తుంది. సుద్దపొడి, ఫెవికాల్, కాస్త తెల్లరంగు కలిపి ముద్ద చేసి అట్లకాడతో పూస్తుంది. స్టెన్సిల్ నిటారుగా పైకి లేపాలి. పక్కకు జరిగిందా, నెమలి బాతైపోతుంది. ఆరాక నల్లరంగు, ఆపైన ఉబ్బిన చోట్ల మాత్రం వేలికొసతో బంగారు రంగు. వెండి కావాలంటే చపాతీలు చుట్టే అల్యూమినియం రేకు నలిపి అంటించి, నల్ల పాలిష్ రుద్ది తుడుస్తుంది. తాతల నాటి వెండిలా దిగుతుంది. అన్న బూట్లు పాలిష్ చూసి ఏడాదయింది. అట్లకాడ సంగతి అడక్కండి, ఆ ఇంట్లో ఇప్పుడు ఉప్మాయే.

స్టెన్సిళ్లు కొనదు. బోర్డులు రాసేవాళ్ల చిట్కా పట్టేసి, పాత ఎక్స్‌రే ఫిల్ములు కత్తిరిస్తుంది. మొన్న అన్నకు మోకాలినొప్పి తిరగబెట్టి మార్కాపురం వెళ్తే, డాక్టరు పాత ఎక్స్‌రే అడిగాడు. లైటుకెత్తి చూసి, "చిప్ప ఏదండీ?" అన్నాడట.

"హాల్లో తామరపువ్వయింది సార్. బంగారు పూత కూడా వేశారు."

వదిన అసలు ఓటమి శ్రీచక్రం దగ్గర. కొండమీద గుడి శ్రీచక్రాకారంలో కట్టిందంటారు కదా, ఊరి బిడ్డగా అది చెయ్యకపోతే ఎట్లా అనుకుంది. తొమ్మిది త్రికోణాలు ఒకదానిలో ఒకటి దూరి నలభై మూడు చిన్న త్రికోణాలవుతాయి. గీతలన్నీ కోస్తే మధ్య ముక్కలు నిలబడతాయా? పొలోమని రాలాయి. స్టెన్సిల్‌లో ముక్కకూ ముక్కకూ మధ్య సన్నటి వంతెనలు వదలాలి. వదిలింది. ప్రతి గీతా తెగిపోయింది. పూజారిగారు కళ్లజోడు సర్దుకుని లెక్కపెట్టి, "మూడు తగ్గాయమ్మా, పూజకు పనికిరాదు" అన్నారు. "పూజకు కాదు పంతులుగారూ, ఇది మోడ్రన్" అంది వదిన.

గృహప్రవేశాలకు ఆమె ఇచ్చే లక్ష్మీదేవి సంగతి వేరు. దానికి రేకు అంటిస్తుంది. బంగారు రేకని అమ్మేది నిజానికి రాగీ జింకూ కలిసిన ఇత్తడి. పైన వార్నిష్ పడకపోతే నల్లబడుతుంది. వార్నిష్ వాసన వదినకు పడదు. నల్లబడిన లక్ష్మిని చూపించి ఎవరైనా నసిగితే, "యాంటిక్ ఫినిష్, దానికి డబ్బులెక్కువ" అంటుంది. వాళ్లూ పాపం ఆ లక్ష్మిని అటక మీద దాచి, వదిన వస్తోందని కబురందగానే దించి గోడకు తగిలిస్తారు. మా ఇంట్లో మేకు ఎప్పుడూ ఖాళీగానే ఉంచుతాం.

నిన్న సాయంత్రం కాఫీకి వచ్చింది. గోడకేసి చూడనే లేదు. మా ఇనప బీరువా ముందు నిలబడి తలుపును పైనుంచి కిందిదాకా చేత్తో నిమిరింది.

"ఇంత తలుపు ఇట్టా వట్టిగా వదిలేశావేంది మరిదీ?"