కాస్త చప్పుడు ఉండనివ్వండి

లద్దాఖ్ ప్రయాణానికి ముందు బండిని మెకానిక్ దగ్గర నిలబెట్టి మనవాళ్లు అనే మొదటి మాట ఇదే: "అన్నా, టాపెట్ సౌండ్ వస్తోంది, కొంచెం తగ్గించు." అంటున్న మనిషి బండికి అప్పటికే నాలుగు వీధులకు వినిపించే సైలెన్సర్ బిగించి ఉంటుంది. నిద్రపోయే పసిపిల్లలు, పరీక్షలకు చదువుకునేవాళ్లు ఏమైపోయినా ఫర్వాలేదు గానీ, ఇంజన్ నెత్తిమీంచి వచ్చే ఆ సన్నటి టిక్కుటిక్కు మాత్రం ఆయన చెవికి పడదు. ఈ మధ్య ఎక్కడ విన్నా ఇదే గోల. అందుకే చెప్పక తప్పడం లేదు: ఆ టిక్కుటిక్కును పూర్తిగా చంపేస్తే వాల్వును చంపుకున్నట్టే.

ఆ చప్పుడు పుట్టేది రాకర్ ఆర్మ్‌కీ వాల్వు కాడకీ మధ్య ఉండాల్సిన సందు వల్ల. చాలా బళ్లలో అది మిల్లీమీటరులో పదోవంతుకి కాస్త అటూ ఇటూ. అంటే తలవెంట్రుక మందం. వేడెక్కిన వాల్వు సాగుతుంది, సాగడానికి చోటు కావాలి, ఆ చోటే ఈ సందు. కాలిన వాయువులను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు మరీ ఎక్కువ కాగుతుంది కాబట్టి దానికి మామూలుగా ఇంకాస్త ఎక్కువ సందు ఇస్తారు. వాల్వు మూసుకుని సీటుకు ఆనుకున్నప్పుడే దాని వేడి చాలావరకు హెడ్‌లోకి దిగుతుంది. సందు లేకపోతే అది పూర్తిగా ఆనదు, వేడి దిగదు, అంచు మాడిపోతుంది. ఇంజన్ నిమిషానికి 5,000 చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు 2,500 సార్లు తెరుచుకుంటుంది. ఆరు గంటలు అలాగే తోలితే తొమ్మిది లక్షలసార్లు. ఆ దెబ్బలకు సీటు అరిగేకొద్దీ వాల్వు లోపలికి దిగి, సందు తనంతట తానే తగ్గిపోతుంది. సందు పెరిగితే చప్పుడు చేసి చెబుతుంది. తగ్గితే చెప్పదు. పైగా బండి భలే స్మూత్ అయిందని యజమాని మురిసిపోతాడు.

కొలతలంటే మనవాళ్లకు పట్టింపు లేదనుకుంటే పొరపాటు. లద్దాఖ్‌లోని ఖార్దుంగ్ లా కనుమ ఎత్తు సంగతి ఎత్తి చూడండి. అక్కడి బోర్డు ఏళ్ల తరబడి 18,380 అడుగులని చాటింది. జీపీఎస్ పెట్టి కొలిచినవాళ్లు 17,582 అన్నారు. మధ్యలో గల్లంతైన 798 అడుగుల మీద జరిగినంత వాదన మన ఊళ్లలో పొలం గట్ల మీద కూడా జరిగి ఉండదు. బోర్డు పక్కన ఫొటో దిగినవాడు, 18,380 అని రాసున్న టీషర్టు, కప్పు, స్టిక్కరు కొనుక్కున్నవాడు ఒక పక్షం. టీషర్టు కొనడానికి తీరిక లేక తిరిగొచ్చినవాడు రెండో పక్షం. 2021లో ఉమ్లింగ్ లా దగ్గర 19,024 అడుగుల ఎత్తున దారి వచ్చి ఇద్దరినీ ఓడించాక గొడవ ఆగాలి కదా? ఆగలేదు. బోర్డు ఎవరు రాశారు, సముద్రమట్టం ఎక్కడినుంచి లెక్కపెట్టారు అంటూ పెళ్లిపందిళ్లలో విస్తరి ముందు కూడా సాగింది. లేని 798 అడుగుల కోసం గొంతు చించుకునే ఆ పెద్దమనిషిని, నీ బండి ఎగ్జాస్ట్ వాల్వు సందు ఎంత నాయనా అని అడగండి. కనుమ ఎత్తు ఏ లెక్కన చూసినా అక్కడ గాలి ఒత్తిడి మన తీరంలో ఉన్నదాంట్లో దాదాపు సగమే. అసలే గాలి తక్కువ, ఆపైన సరిగ్గా మూసుకోని వాల్వులోంచి కంప్రెషన్ కారిపోతే తెల్లవారుజామున బండి ఎందుకు స్టార్టవుతుంది?

యూసీఈ ఇంజన్ బుల్లెట్‌లో హైడ్రాలిక్ టాపెట్లు కదా అంటారు. నిజమే, వాటికి సెట్ చేసే పని లేదు, మంచి ఆయిలుంటే చాలు. ఆ మాట విని 411 సీసీ హిమాలయన్ వాళ్లు కూడా గుండెల మీద చెయ్యేసుకుని పడుకుంటేనే చిక్కు. దానిది పాతకాలపు స్క్రూ, లాక్‌నట్ పద్ధతి. కేటీఎం 390 అడ్వెంచర్‌లో షిమ్ బిళ్లలు మార్చాలి, ఖర్చెక్కువ అంటారు. ఒప్పుకోవాల్సిందే, కానీ మాడిన వాల్వు ఖర్చు ముందు అది చిల్లర. ఇక దారిలో ఎక్కడో చూపించుకుంటామనేవాళ్లకు దండం పెట్టాలి. ఈ కొలత చల్లటి ఇంజన్ మీద తీయాలి. దారిలో షాపుకొచ్చే బండి పెనంలా కాలుతూ వస్తుంది, చల్లారడానికి గంటలు పడుతుంది, ఎక్కినవాడికేమో చీకటిపడేలోగా మనాలి చేరాలి.

మెకానిక్‌కు తెలియదా అన్నది ఆఖరి అభ్యంతరం. తెలుసు. కాస్ట్ ఐరన్ బుల్లెట్ రోజుల్లో పుష్‌రాడ్‌ను రెండు వేళ్లతో తిప్పి, సులువుగా తిరగాలి, కిందికీ పైకీ మాత్రం ఆడకూడదని లెక్క తేల్చిన చేతులు ఇంకా కొన్ని షాపుల్లో ఉన్నాయి. ఫీలర్ గేజ్ పెట్టి, సందు సరిగ్గా చూసి, సన్నటి చప్పుడు వదిలేసినవాడికి పని రాదని పేరు. స్క్రూ ఇంకాస్త బిగించి నోరు మూయించినవాడికి పొగడ్త, పైన టీ. బిల్లులో కొత్త పార్టు పేరు లేకపోతే "ఏం మార్చావని ఇంత?" అని నిలదీస్తాం. చెవికి అంతా తెలిసిన ఆ మనిషి, గిట్టుబాటు కావాలి కాబట్టి, మనం అడిగినట్టే ఇంకో పావు చుట్టు బిగించి పంపిస్తున్నాడు.