తిట్టుకోవడం ఎక్కువ, కొట్టుకోవడం తక్కువ

బాక్సర్ హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1937లో ఒక్క ఏడాదే 27 పోటీలకు దిగి అన్నీ గెలిచాడు. షుగర్ రే రాబిన్సన్ 1943 ఫిబ్రవరి 5న జేక్ లమొట్టా చేతిలో ఓడాడు. 19న ఇంకొకరిని కొట్టాడు. 26న మళ్లీ లమొట్టా మీదికే వెళ్లి బాకీ తీర్చుకున్నాడు. ఇప్పటి వీరుల లాయర్లకు ఆ మూడు వారాలూ ఒప్పందంలో కామాలు సరిచూసుకోవడానికే చాలవు.

ఈ కాలపు బాక్సర్లు మేవెదర్, పకియావ్ తలపడాలన్న మాట 2009లోనే లేచింది. డోపింగ్ పట్టే రక్తపరీక్ష ఎప్పుడు, ఎలా అన్న దగ్గర చెడింది. తీరా రింగులో ఎదురుపడింది 2015 మేలో, ఒకరికి 38, ఇంకొకరికి 36 వచ్చాక. పెళ్లిచూపులకే ఐదేళ్లు పట్టిన సంబంధం! అయినా అమెరికాలో 40 లక్షలకు పైగా కనెక్షన్లు డబ్బు కట్టి మరీ చూశాయి.

పాతకాలం వాళ్లకు టికెట్ల సొమ్ములో వాటా, అందులో మేనేజర్ కోత. మళ్లీ కొట్లాడితేనే పొయ్యి వెలిగేది. ఇప్పుడు ఒక్క రాత్రి టీవీ డబ్బు చాలు, కానీ ఒక్క ఓటమి పడితే రేటు పడిపోతుంది. అందుకే రికార్డులో ఓటముల సున్నాను కాపాడుకోవడమే అసలు ఆట. పైగా బెల్టులిచ్చే పెద్ద సంస్థలు నాలుగు. ఒకరి జోలికి ఒకరు పోకుండానే ఒకే బరువులో నలుగురు ప్రపంచ చాంపియన్లు!

తలకు దెబ్బలు తగ్గితే మంచిదే, కాదనం. ప్రెస్‌మీట్లో మాత్రం తోసుకుంటారు, బల్లలు తిరగేస్తారు. దానికి మాత్రం రక్తపరీక్ష అడిగినవాడు లేడు.