పేరు కొండ.. ఊరు పల్లం

జూబ్లీహిల్స్ అసెంబ్లీ నియోజకవర్గం అనగానే కొండెక్కిన బంగళాలు గుర్తొస్తున్నాయా? ఆగండాగండి. ఆ బంగళాల్లో చాలా భాగం ఖైరతాబాద్ ఖాతాలోవి. దీని వాటాకు వచ్చినవి బోరబండ, రహ్మత్‌నగర్, ఎర్రగడ్డ, యూసుఫ్‌గూడ బస్తీలు. ఇంటిపేరు కస్తూరివారు, గుమ్మం ముందు మ్యాన్‌హోల్ వాసన!

గట్టి వాన పడితే కృష్ణానగర్ గల్లీలో బైకులు ఈత కొడతాయి. తెల్లారితే అక్కడే జూనియర్ ఆర్టిస్టులు షూటింగ్ బండి కోసం నిలబడతారు. పగలు సెట్టులో రాజదర్బారు, రాత్రి గదిలో బకెట్టుతో నీళ్లు ఎత్తిపోత. (మేకప్ మాత్రం చెదరకూడదు.)

2025 నవంబరు ఉప ఎన్నికలో ఈ సీటు కోసం 58 మంది బరిలోకి దిగారు. బూత్‌కు నాలుగేసి బ్యాలెట్ యూనిట్లు వరసగా పేర్చారు. ఓటర్లలో సగం మంది కూడా ఆ దరిదాపులకు రాలేదు.