లెక్క తప్పలేదు, బస్సే రాలేదు

చిలీ రాజధాని శాంటియాగోలో 2007 ఫిబ్రవరి 10న కొత్త బస్సు వ్యవస్థ మొదలైంది. లెక్క గెలిచింది. ఓడింది జనం. జనం ఎప్పుడూ ఓడేవాళ్లే.

అంతకుముందు అక్కడ పసుపుపచ్చ బస్సులుండేవి. పొగ కక్కేవి. డ్రైవరుకి టికెట్టుకింత అని ముట్టేది కనుక ప్రయాణికుడి కోసం ఒకదాన్నొకటి తరుముకునేవి. వాటిని పొగడాల్సిన పనేమీ లేదు. వాటిలో ఉన్న గొప్పల్లా ఒక్కటే, వచ్చేవి. ఊరికి ఈ కొసన ఎక్కితే ఆ కొసన దిగొచ్చు. నిపుణులకి అదే కంటగింపయింది. ఒకే రోడ్డు మీద ఇన్ని బస్సులా? ఎంత దుబారా!

ఇక కంప్యూటర్ ముందు కూర్చున్నారు. బస్సుల ఖర్చు, జనం వెచ్చించే సమయం అన్నీ ఒకే మొత్తంగా కూడి, అది వీలైనంత తగ్గాలన్నారు. పక్కన ఇంకో షరతు: సర్కారు పైసా సబ్సిడీ ఇవ్వదు, టికెట్ల డబ్బుతోనే బండి నడవాలి. అల్గారిదం చెప్పిన మాట వినే బిడ్డ. బస్సులకు వేలల్లో కోత పెట్టింది. పొడుగు రూట్లను ముక్కలు చేసి, పేటలో ఒక బస్సు, పెద్ద రోడ్డు మీద ఇంకో బస్సు, అక్కణ్నుంచి మెట్రో అంది. తెరమీద బస్సు మారడమంటే ఒక గీత వదిలి ఇంకో గీత పట్టుకోవడం. ఆ గీతకు మోకాళ్ల నొప్పులుండవు, చంకలో పిల్లాడుండడు, రాత్రి పదకొండింటికి ఒంటరిగా స్టాపులో నిలబడాలంటే భయముండదు.

బస్సు కంపెనీలతో రాసుకున్న ఒప్పందం మరీ ముచ్చట. జనం ఎక్కినా ఎక్కకపోయినా రాబడిలో చాలా భాగానికి హామీ. మరి బస్సు బయటికి తీయడమెందుకు, టైర్లు అరగదీసుకోవడానికా? బస్సు ఎక్కడుందో కనిపెట్టి అదుపు చేయాల్సిన జీపీఎస్ వ్యవస్థ ఆరంభం నాటికి సిద్ధమే కాలేదు. ప్రచారం మాత్రం తయారు: ఫుట్‌బాల్ వీరుడు ఇవాన్ సమొరానోను తెచ్చి ప్రకటనల్లో నిలబెట్టారు. పడింది సెల్ఫ్ గోల్.

ఫిబ్రవరి అక్కడ వేసవి సెలవులు కాబట్టి కొంత పరువు దక్కింది. మార్చిలో బళ్లు తెరిచారు. బస్సు దొరకనివాళ్లంతా మెట్రో మీద పడ్డారు. చదరపు మీటరుకు ఆరుగురు! స్థలాన్ని ఇంత పొదుపుగా వాడుకున్న ఆప్టిమైజేషన్ ఇంకోటి ఉంటుందా? ఆ నెలలోనే రవాణా మంత్రి కుర్చీ దిగాడు. అధ్యక్షురాలు మిషెల్ బాషెలెట్ టీవీలో జనానికి క్షమాపణ చెప్పుకుంది.

అల్గారిదం మాత్రం ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు, ఇచ్చిన లెక్క అది చేసింది. సబ్సిడీ గడిలో సున్నా వేసింది మనుషులు. 2009లో ఆ సున్నాను కొట్టేసి, ఏటేటా సొమ్ము పోయడానికి పార్లమెంటు చట్టమే చేయాల్సి వచ్చింది.