మే నెల లేని ప్లాను

పుల్లలచెరువు పేరులో పుల్లలూ ఉన్నాయి, చెరువూ ఉంది. ఊరికి ఆ పేరు వచ్చిన కథ అలా ఉంచితే, పశ్చిమ ప్రకాశంలో మిద్దె మీద తోట పెట్టే ప్రతి ఇంటికీ అది ముందే రాసిపెట్టిన జాతకంలా ఉంటుంది. జనవరిలో నోటుబుక్కు తెరిచిన పెద్దమనిషికి చెరువు కనిపిస్తుంది. మే నెలాఖరుకి చేతిలో పుల్లలు మిగులుతాయి.

సంక్రాంతికి వచ్చిన పిల్లలు బస్సెక్కి, అరిసెల డబ్బా అడుగు కనిపించే వేళకి ఈ ప్లాను జబ్బు మొదలవుతుంది. రిటైరైన మాస్టార్లకి ఎక్కువగా వస్తుంది, బ్యాంకు ఉద్యోగులకీ వస్తుంది, ఇంటి నుంచే పని చేసుకుందామని హైదరాబాదు నుంచి దిగిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకి మరీ ముదిరి వస్తుంది. లక్షణాలు అందరిలోనూ ఒకటే. ఒక లాంగ్ నోటుబుక్కు, స్కేలు, రెండు రంగుల పెన్నులు, ముందు రాత్రి ఒంటిగంట దాకా చూసిన వీడియోలు. పేజీ నిండా గళ్లు. ఈ గడిలో టమాటా, పక్క గడిలో క్యాప్సికం, దానికి తోడు బ్రకోలి. మెట్ల వైపు వేలాడే కుండీల్లో స్ట్రాబెర్రీ. ఒక మూల డ్రమ్ములో అవకాడో, ఎదురు మూల సిమెంటు స్తంభానికి డ్రాగన్ ఫ్రూట్. ఉత్తరం ఎటో బాణం గుర్తు వేసి మరీ చూపిస్తారు, రాత్రికి రాత్రి ఇల్లు పక్కకి తిరుగుతుందేమో అన్నట్టు. కింద సరుకుల పట్టీ: గ్రో బ్యాగులు 60, కొబ్బరిపొట్టు ఇటుకలు, వర్మీ కంపోస్టు, వేపపిండి, ఆకుపచ్చ షేడ్ నెట్టు. పేజీ పైమూలన ఒక కుళాయి బొమ్మ, దాని నోట్లోంచి మూడు చుక్కలు.

నీళ్ల గురించి ప్లానులో ఉన్నది ఆ మూడు చుక్కలే.

ఇంకో విచిత్రం ఉంది. జనవరి, ఫిబ్రవరి, మార్చి అని వరసగా నిలువు గీతలు గీసుకుంటూ వచ్చేసరికి ఏప్రిల్ దగ్గర పేజీ అయిపోతుంది. కొత్త పేజీ జూన్‌తో మొదలవుతుంది, ‘తొలకరి’ అని చక్కటి శీర్షికతో. మే నెల రెండు పేజీల మధ్య కుట్లలో పడి మాయమైపోతుంది. మార్కాపురం వైపు 44, 45 డిగ్రీలు కాసే నెల అది. బోరు మోటారు వేస్తే ముందు గాలి, తర్వాత దగ్గు, ఆ తర్వాత బుద్ధిపుడితే నీళ్లు వచ్చే నెల. తోట ఉంటుందో పోతుందో తేల్చే నెల లేకుండా తోటకి ప్లాను వేయడమంటే, పెళ్లికొడుకు ఊసు లేకుండా పెళ్లికి ముహూర్తం పెట్టుకోవడమే.

అసలు జనవరిలో తీరిగ్గా కూర్చుని వచ్చే ఏడాది తోట గీసుకోవడం మంచు దేశాల అలవాటు. న్యూజెర్సీలో ఉన్న తెలుగు ఇల్లాలికి అది అతికినట్టు సరిపోతుంది. చలికాలమంతా దొడ్డి గడ్డకట్టి ఉంటుంది, విత్తనాల కేటలాగు తిరగేయడం తప్ప ఆవిడకి వేరే పని ఉండదు. మార్చిలో ఇంట్లోనే లైట్ల కింద బీర, సొర, గోంగూర నారు పోస్తుంది. ఆఖరి మంచు కూడా వెళ్లిపోయిందని రూఢి చేసుకుని మే నెలలో బయట నాటుతుంది. అక్కడ మే అంటే తోటకి పురుడు పోసే నెల. ఆ వీడియో చూసి ఇక్కడి మాస్టారు కూడా మార్చిలో నారు పోసి మేలో నాటితే, మొక్కకి బారసాలా పెద్దకర్మా ఒకే వారంలో వస్తాయి. మన దొడ్డి పడుకునేది చలికి కాదు, ఎండకి. జనవరిలో ఇక్కడ ఏ దొడ్డిలో చూసినా చిక్కుడు విరగకాసి ఉంటుంది. ఆ పందిరి కిందే కుర్చీ వేసుకుని, వచ్చే ఏడాది ఏం పండిద్దామా అని తల పట్టుకోవాలంటే మామూలు నిబ్బరం చాలదు.

ఆ చిక్కుడు సంగతే చూడండి. మన పాత తీగ చిక్కుడు గడియారం చూసి పూసే రకం. ఆషాఢ శ్రావణాల్లో గింజ పెడితే తీగ పాకి, పొద్దు కురచయ్యాక కార్తీకానికి పూతకొచ్చి, సంక్రాంతికి తట్టలు నింపుతుంది. పగలు పొడుగ్గా ఉన్నన్నాళ్లూ ఎంత ఎరువు పోసినా ఆకు వేస్తుందేగానీ పువ్వు వేయదు. ఎప్పుడైనా కాసే పొట్టి చిక్కుడు రకాలు వేరే ఉన్నాయి. ప్లానుదారుకి ఈ తేడాతో పని లేదు. ఫిబ్రవరి గడిలో ‘చిక్కుడు’ అని ఆకుపచ్చ పెన్నుతో రాసేస్తాడు. ఎండాకాలమంతా అది బిందెలకు బిందెలు తాగి, గాలికి ఊగి, ఒక్క కాయ వేయకపోతే మొక్కకి పోషకాలు చాల్లేదని తీర్మానించి అరటితొక్కల కషాయం పోస్తాడు. ఆ తర్వాత ఎప్సమ్ సాల్టు. నేలలో మెగ్నీషియం తక్కువైతే ఆ ఉప్పు పనిచేస్తుంది. పొద్దు పొడుగుకి మందు కాదది.

టమాటాది మరో రకం మొండితనం. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రుళ్లు కూడా చల్లబడకపోతే పుప్పొడి చచ్చుబడి పూత పూతగానే రాలిపోతుంది. షేడ్ నెట్టు కడితే ఎండ తగ్గుతుందిగానీ వడగాలి ఆగదు. మిద్దె స్లాబు పగలు తాగిన వేడిని రాత్రంతా కిందినుంచి కక్కుతూనే ఉంటుంది. అలాంటి స్లాబు మీద పదహారు అంగుళాల సంచిలో నిలబడి కాయ కాయమంటే టమాటా మాత్రం ఏం చేస్తుంది? ఇక స్ట్రాబెర్రీ గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మర్యాద.

సరే, నీళ్ల లెక్కకి వద్దాం. ప్లానులో మూడు చుక్కలుగా ఉన్నదాన్ని లీటర్లలోకి మారుద్దాం. ఎండాకాలంలో కాపు మీదున్న గ్రో బ్యాగుకి పొద్దున రెండు లీటర్లు, సాయంత్రం ఒక లీటరు పోయందే నిలవదు. 60 బ్యాగులకి రోజుకి 180 లీటర్లు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ ఒక మనిషికి రోజుకి 55 లీటర్లు ఇస్తామని లెక్క కట్టింది. నలుగురున్న ఇంటికి 220. కాగితం మీద హామీ ఇచ్చిన ప్రతి లీటరూ కుళాయిలోంచి వచ్చిందనే అనుకుందాం, ఊహకేం ఖర్చు? తోట తాగగా మిగిలేది 40 లీటర్లు. నలుగురి స్నానాలు, వంట, బట్టలు, గిన్నెలు, మరుగుదొడ్డి అన్నీ ఆ మూడు బిందెల్లోపే కానివ్వాలి. అవకాడో డ్రమ్ము ఇంకా లెక్కలోకి రాలేదు.

“నీళ్లదేముందండీ, ట్యాంకర్ చెప్పేద్దాం” అనే ధీరులూ ఉన్నారు. విలియం అలెగ్జాండర్ అనే అమెరికన్ పెద్దమనిషి హడ్సన్ లోయలో తన పెరటికి పెట్టిన ఖర్చంతా కూడి, కాసిన కాయలతో భాగిస్తే ఒక్కో టమాటా 64 డాలర్లు పడిందట. ఆ అంకెనే పేరుగా పెట్టి 2006లో పుస్తకం అచ్చేశాడు. ఆయనకి కనీసం పుస్తకమైనా మిగిలింది. ట్యాంకర్ నీళ్లతో పశ్చిమ ప్రకాశంలో టమాటా పండించిన మనిషి, లెక్కల మాస్టారే అయినా సరే, ఆ భాగహారం మాత్రం చేయడు.

పోనీ బోరు ఉంది కదా అంటే, ఈ ప్రాంతపు బోరు నీళ్లు ఎలాంటివో టీ గిన్నె అడుగుని అడిగితే చెబుతుంది. తాగే నీటిలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న ఫ్లోరైడు హద్దు మీరిన బోర్లు ఇటు చాలానే ఉన్నాయి. అందుకే తాగడానికి క్యాన్లు మోసుకొస్తారు. అదే బోరు నీళ్లు సంచిలో పోస్తే రెండు నెలల్లో సంచి అంచు చుట్టూ తెల్లటి పొర కడుతుంది. గోరుతో గీస్తే సున్నంలా రాలుతుంది. కొబ్బరిపొట్టు గట్టిపడి, పోసిన నీళ్లు అంచుల వెంబడే జారి అడుగు చిల్లుల్లోంచి కారిపోతాయి. పైన తడి, కింద మడుగు, మధ్యలో వేళ్లకి ఎడారి. ఆకు కొసలు మాడుతుంటే మాస్టారు ఫోటో తీసి గ్రూపులో పెడతారు. పన్నెండు మంది పన్నెండు మందులు చెబుతారు. నీళ్లు ఎలాంటివండీ అని అడిగే పదమూడో మనిషి ఏ గ్రూపులోనూ ఉండడు.

మిద్దెతోటని తప్పు పట్టడానికి లేదు. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాదు శివార్లలో తన ఇంటి మిద్దె మీద ఏళ్ల తరబడి కూరలు పండించి చూపించారు, ఎంతోమందికి దారి చూపారు. ఎవరి ఎండ, ఎవరి నీళ్లు ఎలాంటివో చూసుకోకుండా ఆ మిద్దెని ఎత్తుకొచ్చి పుల్లలచెరువులో దించుదామనుకోవడం దగ్గరే నవ్వొస్తుంది. పైగా ఇటు నల్లమల వైపు కోతుల లెక్క ఒకటుంది. ఏ ప్లానులోనూ వాటికి గడి ఉండదు. అవి మాత్రం గడి గడీ చూసుకుంటూ వస్తాయి. దోరకాయ కొరికి పారేసి, నచ్చని మొక్కని పీకి పక్కన పెట్టి, డ్రిప్పు పైపు నమిలి చూసి వెళ్తాయి. మాస్టారు జనవరి నుంచి చేయలేని తనిఖీని పది నిమిషాల్లో ముగిస్తాయి.

‘వచ్చే ఏడాది’ అనే మాట ఈ నేలకి కొత్తా కాదు, మాస్టారు ఒక్కరే కనిపెట్టిందీ కాదు. పూల సుబ్బయ్య పేరు పెట్టుకున్న వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం ఒడ్డున కొల్లంవాగు నుంచి నల్లమల కడుపులోంచి 43.5 టీఎంసీలు తేవాలని జంట సొరంగాలు తలపెట్టారు. ఒక్కోటి దాదాపు 19 కిలోమీటర్లు. మొదటిది తవ్వడం పూర్తయింది 2021లో, రెండోది 2024లో. ఆ మార్చిలో ప్రారంభోత్సవం కూడా అయింది, సొరంగాల్లో నీళ్లు తప్ప మిగతా అన్ని హంగులతో. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లలకి పెళ్లిళ్లయి పిల్లలు పుట్టారు. ఇంత ఓపికగా పెద్దలు ‘వచ్చే ఏడాది’ అంటుంటే చూస్తూ పెరిగినవాడు, అరవై సంచుల తోటకి ఆ మాట వాడుకోవడంలో వింతేముంది? ఒక్క సలహా మాత్రం ఇవ్వొచ్చు. నోటుబుక్కులు దండగ. పక్కనే మార్కాపురం ఉంది, పలకలకి పేరుపడ్డ ఊరు. ప్లాను పలక మీద రాసుకుంటే జూన్‌లో తడిగుడ్డతో తుడిచేయొచ్చు.

సర్కారు వారి పెరటి ప్లానుల్లోనూ మే నెల ఉండదు. బళ్లలో పోషక తోటలు పెంచి మధ్యాహ్న భోజనంలోకి కూరలు వాడుకోవాలని 2019లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. మంచి మాటే. బడి ఏప్రిల్ చివర మూస్తారు, జూన్‌లో తెరుస్తారు. మధ్యలో ఆ వంగమొక్కకి నీళ్లు పోసేది ఎవరు? అందుకే పోషణ మాసం సెప్టెంబరులో పెట్టుకున్నారు కాబోలు. వానలు పడి ఉంటాయి, ఫోటో పచ్చగా వస్తుంది.

మే నెలని లెక్కలోకి తీసుకున్నవాళ్లు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సేద్యం చేసే రైతులు నవధాన్యాల గింజల్ని మట్టి, ఎరువు, బూడిదల్లో దొర్లించి, నడి ఎండాకాలంలో పొడినేల మీదే చల్లేస్తున్నారు. గింజ లోపల భద్రంగా పడుకుని మొదటి వానకి లేస్తుంది. కంభం చెరువు కట్టినవాళ్లు కూడా వరస తప్పలేదు. విజయనగరం రోజుల్లో గుండ్లకమ్మకి కొండల నడుమ అడ్డుకట్ట వేసి, నీళ్లు నిలిపాకే తోటల సంగతి ఆలోచించారు. మాస్టారు చెరువు తవ్వనక్కర్లేదు. ఆయన మిద్దె వెయ్యి చదరపుటడుగులు. ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన పడినా ఆ స్లాబు మీద పడేది 55 వేల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పదకొండు. 2000లో ‘నీరు-మీరు’ అని ఊరూరా డప్పు కొట్టారు, 2002లో వాల్టా చట్టం తెచ్చి వాననీటిని పట్టి నేలకి ఇంకించాలన్నారు. మాస్టారి స్లాబు మీది నీళ్లు నేటికీ గొట్టంలోంచి నేరుగా వీధి కాలవలోకే పోతున్నాయి. ఆ గొట్టాన్ని అటు నుంచి ఇటు తిప్పడానికి రెండు రంగుల పెన్నులు అక్కర్లేదు. కాబట్టి ఆయనకి అందులో ఆసక్తి లేదు.

అదే ఇంటి దొడ్లో గిన్నెలు తోమే బండ ఉంది. ఆ బండ పక్క నుంచి వేలెడు వెడల్పు కాలవ ఒకటి బయలుదేరి, ముందు కరివేపాకు చెట్టు పాదులోకి, అక్కడ నిండితే అరటి పిలకల్లోకి, అది దాటితే చిక్కుడు మొదట్లోకి వెళ్తుంది. ఆ కాలవ ఎవరూ గీయలేదు. చాలా ఏళ్ల కిందట అత్తగారు గరిటె కాడతో మట్టి పక్కకి లాగారు, అంతే. బూడిద తోముడు పోయి సబ్బు తోముడు వచ్చాక ఇల్లాలు రెండో కడుగు నీళ్లే అటు వదులుతుంది. పెంటదిబ్బ మీద గుమ్మడి దానంతటదే మొలిచి మూడు కాయలు వేసింది. ఈ తోటకి గళ్లూ లేవు, గ్రూపూ లేదు, ఉత్తరం ఎటో దానికి తెలియదు. మే నెలలో ఇంట్లో మనుషులు అన్నం తిని గిన్నెలు కడిగినంత కాలం ఇదీ బతికే ఉంటుంది.

“ఏమండీ, ఆ పుస్తకం పక్కనపెట్టి నాలుగు చిక్కుడుకాయలు కోసుకురండి, పొయ్యి మీద పోపు మాడుతోంది.”

“ఉండవే, అవకాడో తూర్పు మూలకి జరిపితే ఎలా ఉంటుందో చూస్తున్నా.”

పిట్టగోడ మీద కోతి ఒకటి కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది. దానికి తొందరేమీ ఉన్నట్టు లేదు.