ఎడమ చేతికి జాబ్ కార్డు

ఖమ్మం నుంచి భద్రాచలం దాకా కార్డు అన్న మాటకు ఒక్కటే అర్థం: ఆఫీసు చుట్టూ తిరిగితే తప్ప రానిది. కాబట్టి కీబోర్డు నేర్చుకునే కుర్రాడు ‘నాకు నాలుగు కార్డులొచ్చాయి’ అంటే, ఇంట్లోవాళ్లు ‘మరి చెల్లెలి పేరు ఎక్కించారా?’ అని అడగడంలో తప్పులేదు. సంగీతంలో కార్డంటే కనీసం మూడు స్వరాలు ఒకేసారి మోగడం. ఎడమ చేతి చిటికెన వేలు స మీద, మధ్యవేలు గ మీద, బొటనవేలు ప మీద ఉంచి నొక్కితే మొదటిది చేతికొచ్చినట్టే. సను C మెట్టు మీద పెట్టుకుంటే మూడూ తెల్లమెట్లే గనక తెల్లకార్డు అనుకున్నా నష్టంలేదు. అయితే దీన్ని వేళ్ల లెక్కగా బట్టీ పట్టేవాళ్లూ, మనకెందుకిది అని మూతి విరిచేవాళ్లూ ఒకే పొరపాటు చేస్తున్నారని నా వాదన. కార్డుల వరస అంటే ఇల్లు వదిలి వెళ్లి మళ్లీ ఇంటికి చేరే దారి. గోదావరి గట్టున బతికేవాళ్లకు ఆ సంగతి ఒకరు చెప్పాలా!

ఇన్నాళ్లూ ఈ విద్య మనకెందుకు అబ్బలేదంటే, మన రాగం గొప్పది కాబట్టి అంటారు పండితులు. నిజమే. దానికి తోడు ఇంకో చిన్న కారణం కూడా ఉంది: ఎడమ చేతికి తీరిక లేదు. భజన మండలి హార్మోనియం చూడండి. కుడి చెయ్యి పాటగాడి వెంట పరుగెడుతుంటే ఎడమ చెయ్యి తిత్తి కొడుతూ కూర్చుంటుంది. గమకం పలకదన్న నేరం మీద ఆకాశవాణి 1940లో ఆ పెట్టెను గడప దాటనివ్వకుండా ఆపింది. 1971 దాకా అదే శిక్ష. గోల్కొండ చెరలో రామదాసు పన్నెండేళ్లు మగ్గాడని కథ. హార్మోనియానికి పడింది ముప్పయ్యొక్కేళ్లు. ఇక కీబోర్డుకు గాలి అక్కర్లేదు, కరెంటుంటే చాలు. దాంతో ఎడమ చేతికి ఉన్న పని కాస్తా పోయింది. కార్డే దానికి ఉపాధి హామీ.

ఇది పరాయి సొత్తు కదా అన్నది మొదటి ఆక్షేపణ. తంబూరా ఎవరి సొత్తు? అది మోగించేవి స, ప. తెల్లకార్డులో మూడింట రెండు వంతులు అక్కడే వచ్చేశాయి. మూడోదీ వస్తుంది: శ్రుతి బాగా కుదిరిన తంబూరాలో ఎవరూ మీటని అంతర గాంధారం సన్నగా వినిపిస్తుంది. దాన్ని స్వయంభు గాంధారమని మనవాళ్లే అన్నారు. భద్రాద్రి రాముణ్ణి స్వయంభువని కొలిచే ప్రాంతంలో, పోకల దమ్మక్క ఆయన్ను అడవిలో కనుగొందని చెప్పుకునే ప్రాంతంలో, దొరికిన దేవుడికి గుడి కట్టడం తప్పు కానప్పుడు దొరికిన గాంధారానికి మెట్టు కట్టడం తప్పవుతుందా? కాకపోతే కొలతలో తేడా ఉంది. సంగీతంలోనూ సెంట్లున్నాయి, సప్తకానికి 1200. కీబోర్డు గాంధారం స్వయంభువు కంటే సుమారు 14 సెంట్లు పైకి జరిగి ఉంటుంది. పొలం గట్టు అంత జరిగితే తలలు పగులుతాయి. చెవులు పాపం సర్దుకుంటాయి.

ఇక వరస సంగతి. భద్రాచలం దగ్గర గోదావరికి 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అందరికీ తెలిసిన స, ద, మ, ప కార్డుల వరస అచ్చం ఇలాగే నడుస్తుంది. సగప ఇల్లు. మొదటి హెచ్చరికకు ప ఒక్కటే లేచి ద మీదికి జరుగుతుంది. ఇంట్లో ఒక్క మనిషి వెళ్లి నీళ్లు చూసొచ్చినట్టు. మిగతా ఇద్దరూ కదలరు, కానీ మనసు కాస్త కుంగుతుంది. రెండో హెచ్చరికకు గ లేచి మ మీదికి వెళ్తుంది. బియ్యం బస్తా అటక ఎక్కింది. మూడోది ప కార్డు. ఇక్కడ పాత స్వరం ఒక్కటీ మిగలదు, స, మ, ద మూడూ దిగి ని, రి, ప అవుతాయి, ఇల్లంతా ఖాళీ. ఆ నికి పక్కమెట్టే స. అంత దగ్గరగా ఇల్లు కనబడుతుంటే చెవికి నిద్ర పట్టదు. నీరు తీయగానే ని, రి పరుగున వచ్చి స, గ అవుతాయి. ప మాత్రం ఉన్నచోటే ఉంటుంది, గుమ్మం వదలనని మొండికేసిన ముసలాయన లాగా. అవసరం లేనిదే వేలు కదపకపోవడమే ఇందులో నేర్పు. వేళ్ల పటాలు బట్టీ పట్టినవాడు ప్రతి హెచ్చరికకూ ఇల్లు మొత్తం మోసుకుని పరుగెడతాడు.

అన్ని పాటలకూ ఆ నాలుగే అయితే విసుగు పుట్టదా? హెచ్చరికలు ఎప్పుడూ మూడే. వరద మాత్రం 1986లో 75.6 అడుగులు, 2022లో 71.3. రెండింటినీ ఒకటే వరద అని భద్రాచలంలో అని చూడండి. పైగా స, మ, ప అన్న మూడు కార్డుల్లోనే సగప, మదస, పనిరి అంటూ ఏడు స్వరాలూ ఇమిడిపోయాయి. శంకరాభరణంలో ఏ స్వరం పాడినా కింద పట్టుకునే చెయ్యి ఒకటి ఉంటుంది.

కార్డు కింద గమకం నలిగిపోతుందన్న చివరి ఆక్షేపణకు మాత్రం నేను తల వంచుతాను. రామదాసు ‘పలుకే బంగారమాయెనా’ పాడేది ఆనందభైరవిలో. అందులో గాంధారం ఊయల, కార్డు మేకు. ఊయలకు మేకు కొడితే అది బల్ల అవుతుంది, పాప ఏడుస్తుంది. అక్కడ ఎడమ చెయ్యి స, ప మాత్రం పట్టుకుని తంబూరాలా కూర్చోవాలి, లేదా ఒళ్లో పడుకోవాలి. అది నామోషీ కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కూడా పని దినాలు ఏడాదికి 100 అనే అంది గానీ, 365 అనలేదు.