మూలబడ్డ బండికి మేలుకొలుపు

హోసూరు చుట్టుపక్కల ఏ పశువుల కొట్టంలోకైనా తొంగి చూడండి. ఒక మూల టార్పాలిను కప్పుకుని, నెత్తిన రెండు ఎరువుల సంచులూ ఒక కాలు విరిగిన కుర్చీ మోస్తూ ఒక టీవీఎస్ 50 నిలబడి ఉంటుంది. నంబరు పలకమీద టీఎన్ 29 అని కనబడితే అది బహుశా 2004కు ముందుది, అంటే కృష్ణగిరి జిల్లా ఇంకా పుట్టక, మనమంతా ధర్మపురి జిల్లాకు తోకగా ఉన్న కాలానిది. అడిగితే ఇంటివాళ్లు, "నాయన బండి, అమ్మబుద్ధి కాలేదు" అంటారు. అమ్మలేదు సరే, తోలనూ లేదు.

అలాంటి బండిని ఉన్నట్టుండి ఒకనాడు లేపాలనిపిస్తుంది. నాకు మొన్న సంక్రాంతికి అనిపించింది, ఎనిమిదేళ్ల తర్వాత. ఆ అనుభవసారాన్ని లోకహితం కోరి కింద రాస్తున్నాను. వరుస తప్పకుండా పాటించండి.

1. ముహూర్తం

ఇంటినిండా చుట్టాలున్న రోజు ఎంచుకోండి. ఎవరూ లేనప్పుడు బండి స్టార్టు కాకపోతే అది చిన్న రిపేరు. బావమరిది చూస్తుండగా కాకపోతే అది చరిత్ర. టార్పాలిను లాగేటప్పుడు ఒక్క విదిలింపుతో లాగాలి. ఎనిమిదేళ్ల దుమ్ము అందరి మీదా సమానంగా పడుతుంది.

2. పాత పెట్రోలు పారబోయవద్దు

లీటరు నూరు దాటిన రోజుల్లో ట్యాంకు అడుగున ఉన్న అర లీటరు నిధి లాంటిది. పైగా పాతబడేకొద్దీ రుచి పెరుగుతుందని ఊరగాయ మనకు నేర్పిందాయె. పెట్రోలు సంగతి వేరని తెలిసినవాళ్లు అంటారు. అందులో తేలిగ్గా మండే భాగం ముందు ఆవిరైపోతుందట, మిగిలింది చిక్కబడి కార్బొరేటరు గిన్నెలో బంకగా పేరుకుంటుందట. మూత తీసి వాసన చూస్తే పెట్రోలు వాసన రాలేదు, తలుపులకు వేసే వార్నీషు వాసన వచ్చింది. మీకూ అదే వస్తే ధైర్యం చెప్పుకుని మూత పెట్టేయండి.

3. తొక్కండి

స్టాండు వేసి, సీటెక్కి, పెడళ్లు తొక్కండి. మెకానిక్కుల ఛాదస్తం ఒకటుంది. ముందు ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో నాలుగు చుక్కల ఆయిలు వేసి, మెల్లగా రెండు చుట్లు తిప్పి, ఆ తర్వాతే తొక్కాలంటారు. ఇన్నేళ్లు ఎండిన సిలిండరులో పిస్టను రింగులు తుప్పుతో అంటుకుని ఉండవచ్చు, బలవంతంగా కదిపితే గోడలు గీసుకుపోతాయి అని వాళ్ల భయం. టూ స్ట్రోకు ఇంజనుకు పెట్రోల్లో కలిపిన ఆయిలే నెత్తురు, అది అడుగుకు దిగిపోయి ఉంటుంది కూడా. ఇవన్నీ వింటూ కూర్చుంటే తొక్కేదెప్పుడు? నేను నలభై నిమిషాలు తొక్కాను. బండి ఉన్నచోటే ఉంది కానీ, లెక్కగడితే నేను సూలగిరి దాటి ఉంటాను.

4. సలహాలు స్వీకరించండి

ఈ అంకం మా ఊళ్లో జరిగినంత గొప్పగా మరెక్కడా జరగదు. దేశంలో ఇద్దరు కూర్చుని పోగల మొదటి మోపెడ్డు 1980లో ఈ హోసూరు ఫ్యాక్టరీ నుంచే బయటికి వచ్చింది. అప్పటినుంచి ఇంటికొకరు ఏదో ఒక బండి కంపెనీలోనో, దానికి విడిభాగాలు చేసిపెట్టే షెడ్డులోనో పనిచేస్తూనే ఉన్నారు. అందుచేత ప్రతి ఇంట్లోనూ ఒక ఇంజనీరు ఉన్నాడు. పది-పదకొండు స్పానరు మాత్రం ఒక్క ఇంట్లోనూ లేదు.

సిప్‌కాట్ పారిశ్రామికవాడలో కంప్యూటరు మిషను నడిపే బావమరిది, సెన్సారు పోయిందన్నాడు. ఈ బండిలో సెన్సారే లేదని చెబితే, అదే కదా సమస్య అన్నాడు. కృష్ణగిరి మామకు డ్యాము కింద తోతాపురి తోపు ఉంది. ఆయన వీడియో కాల్‌లో శబ్దం విని, "కిరసనాయిలు కొంచెం పొయ్యప్పా, అదే లేస్తుంది" అని తేల్చేశాడు. కరెంటు మోటారు వచ్చిన నాటినుంచి ఆయన తోపులో ఒక డీజిలు ఇంజను మూలబడి ఉంది. దాని సంగతి అడగడం మర్యాద కాదు.

5. జెట్టు

2024 జూన్‌లో ముఖ్యమంత్రి స్టాలిన్ శాసనసభలో హోసూరుకు 2000 ఎకరాల్లో అంతర్జాతీయ విమానాశ్రయం ప్రకటించారు. అందులో జెట్టు విమానాలు దిగేదాకా మనకు గతి కార్బొరేటరులోని జెట్టే. గోరంత ఇత్తడి ముక్క, దాని నడుమ వెంట్రుక దూరేంత రంధ్రం. బండి తాగే పెట్రోలంతా ఆ సందులోంచే పోవాలి.

గిన్నె విప్పేసరికి చింతపండు గుజ్జు రంగులో బంక వేలికంటింది. జెట్టు ఊడదీసి, ఒక కన్ను మూసి, ఆకాశం వైపు పెట్టి చూశాను. చుక్కంత వెలుగు కనబడాలి. అమావాస్య కనబడింది. మంచి పెట్రోల్లో నానబెట్టి గాలి ఊదాలే గానీ ఇనుప తీగ పెట్టి పొడవకూడదు, రంధ్రం పెద్దదై బండి తాగుబోతవుతుంది అని ఎక్కడో చదివిన గుర్తు. చదివిందంతా పాటించాలని రూలేమీ లేదు కదా, మా ఆవిడ పిన్నీసు అడిగాను. ఆ హడావిడిలో కార్బొరేటరు సూదికి ఉండే చిన్న క్లిప్పు ఒకటి ఎగిరి రాగిగడ్డిలో పడింది. అది ఇప్పుడు ఆవుకే తెలియాలి.

6. వెనక వైపు చూడవద్దు

లోపలికి గాలి పోవడం ఎంత ముఖ్యమో, పొగ బయటికి రావడమూ అంతే ముఖ్యం. అందుకే సైలెన్సరు చివర చూడటం అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని. అది ఆఖరున పెట్టుకోండి. నేను చూసేసరికి ఒక కందిరీగ అందులో మట్టితో మూడంకణాల ఇల్లు కట్టుకుని ఉంది.

7. మెకానిక్కు

అన్నీ పాడుచేశాక మాత్రమే వెళ్లాలి. బాగలూరు రోడ్డులో ఒక ముసలాయన ఉన్నాడు. ట్రాలీ ఆటోలోంచి దించుతుంటే నన్ను కాదు, నంబరు పలకను చూశాడు.

"ఇది మీ నాయన బండి కాదా? ఎన్నేండ్లాయ సామీ తోలి?"

"ఎనిమిదేళ్లు."

"ఆయప్ప తోలినన్నాళ్లు ఏడాదికొక తూరి గూడా నా కాడికి రాలేదు ఈ బండి" అని ప్లగ్గు విప్పాడు. ఉప్పు కాగితంతో రుద్ది, ఇంజను తలకు ఆనించి, పెడలు తిప్పాడు. నిప్పు రాలేదు. పక్క మూత విప్పి, చక్రం సందులోంచి పాయింట్ల నడుమ చిన్న అట్టముక్క దూర్చి నాలుగుసార్లు లాగాడు. నల్లటి మరక వచ్చింది. మళ్లీ తిప్పితే టిక్కుమని నీలం నిప్పు. జెట్టు చూసి నా మొహం చూశాడు. ఏమీ అనకుండా కొత్తది బిగించాడు. క్లిప్పు కూడా. కొత్త పెట్రోలు, టూటీ ఆయిలు. మొత్తం పనికి రెండు టీలు పట్టింది.

నాలుగో తొక్కుకు లేచింది. ముందు తెల్లపొగ, ఆ వెనక నీలంపొగ. కమురు కలిసిన తియ్యటి వాసన. నాయన పొద్దున్నే రాగిమూట కట్టుకుని సంతకు బయల్దేరేటప్పుడు వాకిట్లో మిగిలిపోయే వాసన అది. కళ్లు మండాయి. పొగకే.

8. లేచాక

వీడియో తీసి చుట్టాలందరికీ పంపండి. పదిహేనేళ్లు దాటిన ఆర్సీని ఐదేళ్లకోసారి కొత్తది చేయించుకోవాలన్న సంగతి అప్పుడే ఎవరో గుర్తు చేస్తారు. బండిని తోసుకుంటూ ఇంటికి తీసుకురండి.

వాకిట్లో పాలాయన కనబడ్డాడు. ఆయన టీవీఎస్ ఎక్స్ఎల్‌కు సీటు తోలు లేదు, ఒక పక్క అద్దం లేదు, నాలుగు పాల క్యాన్లు మాత్రం ఉన్నాయి. వానలో నానుతుంది, ఎండలో ఎండుతుంది, టార్పాలిను అన్నది ఎరగదు. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి ఒక్క తొక్కుకు లేస్తుంది. నా బండి చుట్టూ ఒకసారి తిరిగి, "నాకిస్తావా అన్నా? గడ్డి మోసేకి బాగుంటుంది. దినామూ తోల్తా" అన్నాడు.

"నాయన బండి. ఇచ్చేకి మనసు రాదు" అన్నాను.

మూలకు తోసి టార్పాలిను కప్పాను. సంచులు పెట్టాను, కుర్చీ పెట్టాను. ఇప్పటి పెట్రోల్లో ఇరవై పాళ్లు ఇథనాలు, అది గాలిలో తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపులను ఉబ్బిస్తుంది, బండి నిలబెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయాలి అని ముసలాయన మరీ మరీ చెప్పాడు. ట్యాంకు నిండా ఉంది. ఈ కాగితాన్ని మడిచి సీటు కింద పెట్టాను, ఎనిమిదేళ్లకు మళ్లీ పనికొస్తుంది.